విని నేర్పినవారు: అపొల్లో వృత్తాంతం, మన సంఘాల్లో వయోజన బోధ

అపొస్తలుల కార్యములు 18:24-28 మన ఉజ్జీవ కూటాల్లో తరచు వినబడే భాగం. అయితే ఆ ప్రసంగాల్లో చాలామట్టుకు 24, 25 వచనాల దగ్గరే ఆగిపోతాయి. అపొల్లో వాగ్ధాటిని, లేఖన పాండిత్యాన్ని, ఆత్మతీవ్రతను యౌవన సేవకులకు ఆదర్శంగా చూపిస్తాం. 26వ వచనం రాగానే “ఎంత తగ్గింపు గలవాడో చూడండి” అని ఒక్క మాట అని దాటిపోతాం. మేమూ చాలా ఏళ్లు అలాగే బోధించాం. ఆ దాటవేతనే ఇక్కడ విమర్శకు పెడుతున్నాం. ఎందుకంటే ఇదివరకే ఎంతో తెలిసిన, వయసు వచ్చిన మనిషికి సంఘం ఎలా నేర్పాలో కొత్త నిబంధన స్పష్టంగా చూపే కొద్ది చోట్లలో ఇదొకటి.

మొదట మూలభాషను గమనిద్దాం. అపొల్లో యేసును గూర్చిన సంగతులను ‘అక్రిబోస్’గా, అంటే ఖచ్చితంగా, బోధించాడని 25వ వచనంలో లూకా రాశాడు. ప్రిస్కిల్ల, అకుల అతనికి ‘అక్రిబెస్టెరొన్’గా, అంటే ఇంకా ఖచ్చితంగా, వివరించారని 26వ వచనంలో రాశాడు. మాట ఒకటే, రెండోసారి తరభావంలో వచ్చింది. మన తెలుగు అనువాదంలో ఈ రెండుచోట్ల వేర్వేరు మాటలు ఉండటంవల్ల ఆ సంబంధం చదువరికి కనబడదు. అపొల్లోకు తెలిసింది తప్పు కాదు, సరిపోనిది. అతనికి యోహాను బాప్తిస్మం వరకే తెలుసు. ఆ దంపతులు అతని పాత చదువును కొట్టివేయలేదు, దానిమీదే కట్టారు.

రెండో సంగతి క్రియల వరుస. వాళ్లు ముందు విన్నారు, తరువాత చేర్చుకొన్నారు, ఆ తరువాతే వివరించారు. సమాజమందిరంలో లేచి అతన్ని సరిదిద్దలేదు. (చేర్చుకొన్నది తమ ఇంటికేనని చాలామంది వ్యాఖ్యాతల అభిప్రాయం. ఇల్లు అనే మాట మాత్రం మూలంలో లేదు.) ఇక నేర్పినవారు ఎవరు? డేరాలు కుట్టేవారు. ఈ దంపతుల పేర్లు కొత్త నిబంధనలో ఆరుచోట్ల వస్తే, నాలుగుచోట్ల ప్రిస్కిల్ల పేరే ముందుంది. ఈ వచనం కూడా వాటిలో ఒకటి. తరువాతి కొన్ని ప్రతుల్లో లేఖకులు ఆ వరుసను తిరగవేశారు. స్త్రీ బోధించడం గురించిన వాదానికి ఇక్కడ దిగడం లేదు గాని, ఆ లేఖకుల ఇబ్బంది మనకు పరాయిదేమీ కాదు.

ఈ వచనం పక్కన మన సంఘాల వారపు కార్యక్రమాన్ని పెట్టి చూడండి. ఆదివారం ఆరాధన, బుధవారం బైబిల్ స్టడీ, శుక్రవారం ఉపవాస ప్రార్థన, స్త్రీల కూటం, గృహ కూటాలు, నెలాఖరున రాత్రి ప్రార్థన. కూటాలకు కొరత లేదు. వీటన్నిటిలో ఒక విశ్వాసి నోరు తెరిచేది పాటకు, ప్రార్థనకు, సాక్ష్యానికి మాత్రమే. ప్రశ్నకు చోటు ఎక్కడుంది? బైబిల్ స్టడీ అని పిలిచేది నిజానికి ఆ వారపు రెండో ప్రసంగం. సండేస్కూలు పిల్లల్నైనా ప్రశ్నలడుగుతాం, జవాబు చెబితే బహుమతి ఇస్తాం. బాప్తిస్మపు తరగతి ముగిసిన రోజుతో ఆ మర్యాద కూడా ముగుస్తుంది. ఆపైన నలభై ఏళ్లు ఆ మనిషి చాపమీద కూర్చొని వింటాడు. దాన్నే ఆత్మీయ ఎదుగుదల అని నివేదికల్లో రాస్తాం.

మా సంఘంలో ఒక తాపీ మేస్త్రీ ఉన్నారు. చదివింది ఐదో తరగతి. బైబిలు మాత్రం ఆదినుండి అంతంవరకు నాలుగుసార్లు చదివారు. ఒక బుధవారం కూటం అయ్యాక నిలబడి, “అయ్యగారూ, యోసేపు తండ్రి మత్తయిలో యాకోబు అని ఉంది, లూకాలో హేలీ అని ఉంది. ఏది నిజమండీ?” అని అడిగారు. మత్తయి 1:16, లూకా 3:23. బి.డి. చదివిన మాకు ఆ సమస్య తెలియనిది కాదు. అయినా అందరి ముందు అడిగేసరికి కంగారుపడి, “వాక్యాన్ని సందేహంతో చదవకూడదు తమ్ముడూ” అని ముగింపు ప్రార్థనకు దిగాం. ఆయన మళ్లీ మమ్మల్ని ఏమీ అడగలేదు. కొన్నాళ్లకు ఆయన ఫోనులో ప్రసంగాలు వెదుక్కుంటున్నారని తెలిసింది. నేర్చుకోవడం ఆయన మానలేదు. మా దగ్గర మానారు, అంతే.

“మావాళ్లు చదువురానివారు, చర్చలు వారివల్ల కావు” అని తోటి కాపరులు చెప్పడం చాలాసార్లు విన్నాం. ఆ మాటకు ఈ నేలమీదే జవాబుంది. నెల్లూరు జిల్లాలో 1990ల మొదట్లో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. రాత్రి బడుల వాచకంలో ‘సీతమ్మ కథ’ అని ఒక పాఠం ఉండేది. ఊరి స్త్రీలు కలిసి సారా దుకాణం మూయించిన కథ. కూలికి వెళ్లొచ్చిన తల్లులు ఆ పాఠం చదివి అక్షరాలతో ఆగలేదు, తమ ఊరి సంగతేమిటని మాట్లాడుకొన్నారు. దూబగుంట స్త్రీలు సారాను ఊళ్లోకి రానివ్వలేదు. ఆ పోరాటం జిల్లాలు దాటి, 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధానికి దారితీసింది. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధం 1997లో సడలిపోయింది, అది వేరే కథ. ఆ తల్లులవంటి వారు మన సంఘాల్లోనూ ఉన్నారు. వాళ్ల ఇళ్లలోని తాగుడును గూర్చి మనం ఎన్ని ప్రసంగాలు చేశామో లెక్కలేదు. వాళ్లను మాట్లాడనిచ్చిన పాఠం ఒక్కటైనా పెట్టామా?

మన చరిత్రలో ఇందుకు మాదిరి లేకపోలేదు. 1912లో దోర్నకల్ బిషప్పు అయిన వి.ఎస్. అజరయ్య కాలంలో బాప్తిస్మం పొందినవారు తమ తలమీద చేయి ఉంచుకొని, 1 కొరింథీ 9:16లో పౌలు అన్నమాటను తమ మాటగా పలికేవారు. వారిలో ఎక్కువమంది అక్షరం రాని మాల, మాదిగ కూలీలు. వాళ్లు నేర్చుకొన్నదాంట్లో కంఠస్థమే ఎక్కువని విమర్శించవచ్చు, మేము కాదనం. కానీ నేర్చుకొన్నవాడు రేపు ఇంకొకరికి చెప్పేవాడు అనే ఎదురుచూపు ఆ చేతి కింద ఉంది. అది ఇప్పుడు మన దగ్గర కరువైంది.

విశ్వాసుల్ని మాట్లాడనిస్తే దుర్బోధ పుడుతుందని ఒక భయం ఉంది. ఆ భయం పూర్తిగా వట్టిది కాదు. అయితే అపొల్లోలో లోటు ఏమిటో ఆ దంపతులకు ఎలా తెలిసింది? అతడు ధైర్యంగా మాట్లాడితేనే కదా! నోరు మెదపని సంఘంలో దుర్బోధ లేదని మనం ఎలా చెప్పగలం? ఉన్నా మనకు వినబడదు, అంతే తేడా. సెమినరీల్లో ప్రసంగం ఎలా చెయ్యాలో నేర్పే తరగతులకు ఇచ్చిన గంటల్లో పదోవంతైనా, విశ్వాసి మాట వినడం నేర్పేందుకు ఇవ్వాలని విద్యార్థులు అడిగితే బాగుంటుంది. మేము చదివిన రోజుల్లో మాకు అడగాలనే తోచలేదు.

గత రెండేళ్లుగా మా బుధవారపు కూటంలో సగం సమయం ప్రశ్నలకు విడిచిపెట్టాం. మొదటి నెల అంతా మౌనమే. ఒక పెద్దాయన సూటిగానే అన్నారు: “వాక్యం చెప్పండయ్యగారూ అంటే మమ్మల్నే అడుగుతున్నారు. మీకు జీతం ఎందుకు?” హాజరు కూడా తగ్గింది. ఒక వారం ఆమోసు 7వ అధ్యాయంలోని మట్టపు గుండు దగ్గరకు వచ్చాం. అక్కడి హెబ్రీ మాటకు ‘తగరం’ అని అర్థం చెప్పే పండితులూ ఉన్నారని మేము మొదలుపెట్టబోతుంటే, వెనుకనుండి ఆ తాపీ మేస్త్రీ లేచారు. “గుండు గోడను నిలబెట్టదండీ. ఎంత ఒరిగిందో చూపిస్తుంది. ఒరిగిన గోడకు పైన సిమెంటు పూస్తే దాక్కుంటుంది గాని నిలబడదు, విప్పి కట్టాల్సిందే” అన్నారు. ఆ పూట మేము సిద్ధపడిన నాలుగు పేజీలు సంచిలోనే ఉండిపోయాయి.

కూటం అయ్యాక పాత ప్రశ్నను ఈసారి మేమే ఎత్తాం. లూకాలో ఉన్నది మరియ వంశావళి అని కొందరు అంటారని, మరిది ధర్మం ప్రకారం యోసేపుకు ఇద్దరు తండ్రులు లెక్కకు వచ్చారని మూడో శతాబ్దంలోనే ఆఫ్రికానుస్ చెప్పాడని, ఈ రెండిటిలో ఏదీ మాకు పూర్తిగా తృప్తినివ్వలేదని చెప్పాం.

ఆయన కాసేపు ఆలోచించి, “ఈ మాట ఆ రోజే చెప్పుంటే సరిపోయేది కదండీ” అన్నారు. ఫోనులో ప్రసంగాలు ఇప్పటికీ వింటూనే ఉన్నారు. అక్కడ విన్నది బుధవారం మా ముందుకు తెస్తారు. మంగళవారం రాత్రి మేము పుస్తకాలు తియ్యక తప్పడం లేదు.