పెరిగితే కనపడని ఆస్తి

2024 డిసెంబర్ 31న అమెరికాలోని మైక్రోస్ట్రాటజీ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ చేతిలో 4,47,470 బిట్‌కాయిన్లున్నాయి. ఆనాటి మార్కెట్ ధరకు లెక్కగడితే వాటి విలువ 4,180 కోట్ల డాలర్ల దాకా ఉంటుంది. బ్యాలెన్స్ షీట్‌లో మాత్రం సుమారు 2,390 కోట్లే కనిపిస్తాయి. ఇందులో దొంగలెక్క ఏమీ లేదు. అలాగే రాయమని అప్పటి అకౌంటింగ్ ప్రమాణం చెప్పింది.

అకౌంటెంట్ల దృష్టిలో బిట్‌కాయిన్ నగదు కాదు. షేరూ కాదు, బాండూ కాదు, దాన్ని చూపించి ఎవరినీ డబ్బు అడగడానికి లేదు. చివరికి దాన్ని ట్రేడ్‌మార్కుల సరసన, అమూర్త ఆస్తుల్లో కూర్చోబెట్టారు. అక్కడ ధర కొన్న రేటుకన్నా కిందికి పడితే నష్టం రాయాల్సిందే. తర్వాత ఎంత పెరిగినా అమ్మేదాకా పైకి రాయకూడదు. రోజూ బేరం జరగని ట్రేడ్‌మార్కు విషయంలో ఈ జాగ్రత్త సబబే. రాత్రీ పగలూ ధర పలికే సరుకుకు అదే సూత్రం వర్తింపజేయడం మాత్రం మొండితనం. 2022 రెండో త్రైమాసికంలో ఒక్క నాణెం అమ్మకుండానే ఆ కంపెనీ దాదాపు 92 కోట్ల డాలర్ల నష్టం రాసుకుంది. అంతకుముందు ఇలాంటి నష్టాన్ని తీసేసి తన సొంత లెక్క ఒకటి చూపించబోతే, మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్ఈసీ కుదరదంది.

2023 డిసెంబర్‌లో అమెరికా ప్రమాణాల సంస్థ ఎఫ్ఏఎస్‌బీ దారి మార్చింది. ఇక 2025 నుంచి క్రిప్టోను మార్కెట్ ధరకే చూపాలి, హెచ్చుతగ్గులు లాభనష్టాల్లో కలపాలి. మార్పు మంచిదే. కానీ ఫలితం చూడండి: స్ట్రాటజీగా పేరు మార్చుకున్న ఆ కంపెనీ 2025 మొదటి త్రైమాసికంలో 422 కోట్ల డాలర్ల నికర నష్టం, రెండోదాంట్లో 1,002 కోట్ల నికర లాభం చూపింది. రెండుసార్లూ దాని సాఫ్ట్‌వేర్ రాబడి 11 కోట్ల పైచిలుకే! వ్యాపారం ఎలా నడుస్తోందో ఈ లాభాన్ని చూసి ఎవరు చెప్పగలరు? కొన్న ధరా, మార్కెట్ ధరా అన్న పాత తగాదా అకౌంటింగ్ పరిశోధకులకు కొత్త రూపంలో దొరికింది.

నిజానికి ధర తేలిక ప్రశ్న. ఫలానా చిరునామాలో ఇన్ని నాణేలున్నాయని బ్లాక్‌చెయిన్ ఎవరికైనా చూపిస్తుంది. అవి ఎవరివి, వాటి మీద బాకీలెన్ని అన్నది చూపదు. 2022 నవంబర్‌లో క్రిప్టో ఎక్స్ఛేంజీ ఎఫ్‌టీఎక్స్ కూలాక పగ్గాలు చేపట్టిన జాన్ రే కోర్టుకు చెప్పిన సంగతుల్లో ఒకటి: అక్కడ ఉద్యోగులు చాట్‌లో ఖర్చు అడిగితే పైవాళ్లు ఎమోజీతో సరే అనేవారట. వోచరూ సంతకమూ లేవు. మరుసటి నెలలోనే, ఎక్స్ఛేంజీల నిల్వలు సరిచూసి నివేదికలిచ్చే పనిని మజార్స్ అనే ఆడిట్ సంస్థ ఆపేసింది.

మన దగ్గర కంపెనీలు క్రిప్టో నిల్వలనూ లాభనష్టాలనూ విడిగా వెల్లడించాలన్న నిబంధన 2021 ఏప్రిల్ నుంచి ఉంది. అసలు తలనొప్పి పన్నుది. 2022 నుంచి లాభంపై 30 శాతం పన్ను, ఒక నాణెంలో వచ్చిన నష్టాన్ని మరోదాని లాభంలోంచి తీసేయడానికి వీల్లేదు. జూలైలో విజయవాడలోనో వరంగల్‌లోనో సీఏ ఆఫీసు మెట్లెక్కే కుర్రాడికి ఒకదాంట్లో లక్ష వచ్చి, ఇంకోదాంట్లో లక్ష పోయిందనుకుందాం. మిగిలింది సున్నా అంటాడతను. సెస్సుతో కలిపి 31,200 రూపాయలు కట్టాలంటారు సీఏగారు.