ఆకాశం నుంచి దిగినవాళ్ళూ, కింద ఉన్న ఊరూ

మా అన్నయ్య మనవడికి పదేళ్ళు. బడిలో ఇంగ్లీషు, తమిళం. తెలుగు అక్షరాలు ఇంట్లో నేర్చుకున్నవే. ఆ మధ్య హెచ్.జి. వెల్స్ 'వార్ ఆఫ్ ది వరల్డ్స్'ను పిల్లల కోసం కుదించిన ఇంగ్లీషు పుస్తకం చదివి, "చిన్నతాతా, ఆ అంగారకుడి మనుషులు మన మెరీనాలో దిగితే ఏం చేస్తాం?" అని అడిగాడు. అప్పటికి నవ్వి ఊరుకున్నాను. తర్వాత ఆలోచిస్తే, ఈ రకం కథల్ని తూచడానికి ఇంతకంటే మంచి తక్కెడ నాకు కనబడలేదు.

పరగ్రహాల వాళ్ళు భూమి మీదకు దండెత్తి వచ్చే పిల్లల కథలు తెలుగులో నేను చదివినంతలో చాలావరకు ఒకే అచ్చులో పోసినవి. పళ్ళెంలాంటి విమానం, ఆకుపచ్చ మనుషులు, ఒక తెలివైన కుర్రాడు, ఒక శాస్త్రవేత్త మామయ్య. చివర మీట నొక్కగానే శత్రువు మాయం. వచ్చినవాడికి కళ్ళు మూడా నాలుగా అన్నదాని మీద ఉన్న శ్రద్ధ వాడు దిగిన ఊరి మీద ఉండదు. ఆ ఊళ్ళో మర్నాడు పాలవాడు వచ్చాడా, బడి తెరిచారా, బియ్యం ధర ఎంతకెక్కింది? ఏదీ తెలియదు. ఊరే లేనప్పుడు దాని ఆపదకు పిల్లవాడు ఎందుకు భయపడాలి?

వెల్స్ ఈ పని ఎలా చేశాడో చూడండి. 1897లో పత్రికలో ధారావాహికగా, 1898లో పుస్తకంగా వచ్చిన నవల అది. అంగారకుడి నుంచి వచ్చిన మొదటి గొట్టం ఇసుకలో పడితే జనం తీర్థానికి వచ్చినట్టు వస్తారు. ఓ మిఠాయి దుకాణం ఆయన పచ్చి ఆపిల్ పళ్ళూ, జింజర్ బీరూ తోపుడుబండికెత్తి కొడుకును అక్కడికి తోలతాడు. ఆ రాత్రి మనుషులు కాలి చస్తారు. తెల్లారితే పాలవాడు మామూలుగానే వస్తాడు. తర్వాత లండన్ లండనంతా ఒకరినొకరు తొక్కుకుంటూ పారిపోతుంది. ఇంకొకటి: అంగారకుల్ని తిట్టిపోసే ముందు మనవాళ్ళు టాస్మానియా ఆదివాసుల్ని ఏం చేశారో గుర్తు తెచ్చుకోండని వెల్స్ మొదటి అధ్యాయంలోనే తన దేశస్థులకు చురక పెడతాడు. మా వాడి కుదింపులో ఇవేవీ లేవు. యంత్రాలూ మంటలూ మాత్రం భద్రంగా ఉన్నాయి.

ఇది పరాయి విద్య అనుకోనక్కరలేదు. సాళ్వుడు సౌభకమనే ఎగిరే పట్టణంతో ద్వారక మీద పడ్డ కథ మనకు భాగవతంలోనూ ఉంది, భారతంలోనూ ఉంది. ఆ పట్టణం ఒకసారి ఒకటిగా, ఒకసారి పలుగా కనిపిస్తుంది, అంతలో కనబడదు. కాని నన్ను ఆకట్టుకునేది వ్యాస భారతం ఆరణ్యపర్వంలో ద్వారక కాచుకున్న తీరు. వంతెనలు తెంపారు, పడవలు ఆపారు, కల్లు నిషేధించారు, నటుల్నీ గాయకుల్నీ ఊరి బయటకు పంపారు. ముద్ర లేనివాడు లోపలికి రాకూడదు, బయటకు పోకూడదు. సైనికుల్లో జీతం నాసిరకం లోహంలో పుచ్చుకున్నవాడు లేడట, బకాయి పడ్డవాడూ లేడట! ముప్పై ఏళ్ళు బ్యాంకులో కూర్చున్నవాణ్ణి, ఈ ముక్క దగ్గర ఆగకుండా ఎలా ఉంటాను? యుద్ధం మొదలు కాకముందే ద్వారక నిజమైన ఊరైపోయింది.

ఇక మన వడపళనిలో తయారైన 'చందమామ'. దాసరి సుబ్రహ్మణ్యం గారి తొలి సీరియల్ 'తోకచుక్క' 1954లో మొదలైంది. ఆకాశాన తోకచుక్క, కింద ఏకాక్షి, చతుర్నేత్రుడు. చిత్రా గారి బొమ్మలతో ఆ భయం ఎంత కమ్మగా ఉండేదో చదివినవాళ్ళకు తెలుసు. అయితే ఆ దీవులూ కోటలూ ఏ పటంలోనూ లేనివి. అనేక భాషల్లో అచ్చయ్యే పత్రికకు అదే తగిందేమో. మద్రాసులో పుట్టిన ఆ కథల్లో మద్రాసు మాత్రం లేదు.

నిజానికి మద్రాసు దండయాత్ర ఎరగని ఊరు కాదు. 1914 సెప్టెంబరు 22 రాత్రి ఎమ్డన్ అనే జర్మన్ ఓడ సముద్రం మీంచి ఫిరంగులు పేల్చి చమురు ట్యాంకులు తగలబెట్టి చీకట్లో వెళ్ళిపోయింది. హైకోర్టు ప్రహరీ దగ్గర ఫలకం ఇప్పటికీ ఉంది. గడుసువాణ్ణి 'ఎమ్డన్' అనడం ఇక్కడి తమిళంలో పాతుకుపోయింది. 1942 ఏప్రిల్‌లో జపానువాళ్ళు వస్తున్నారని ప్రభుత్వ కార్యాలయాలు లోపలి ఊళ్ళకు తరలాయి, జనం మూటాముల్లే కట్టారు. బాంబులు పడితే బయటపడతాయేమోనని పార్క్‌టౌన్ జంతుప్రదర్శనశాలలో సింహాల్నీ పులుల్నీ కాల్చి చంపారు. ఆ ఏప్రిల్‌లో జపాను సైన్యం మద్రాసులో దిగనే లేదు.

ఈ సంగతి మా వాడికి చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, ఇది ఏ పుస్తకంలో ఉందని అడిగాడు. పిల్లల పుస్తకం ఏదీ నాకు తట్టలేదన్నాను.

"అయితే నువ్వు రాయి చిన్నతాతా. తెలుగులో ఉన్నా ఫరవాలేదు, చదువుతాను" అన్నాడు.