ఆకు పసరు, తామర: పళ్ళెములోని ఖాళీ వలయము

తామరకు సీమ అవిసె ఆకు నూరి పూయడం మన పల్లెలలో పాత అలవాటు. తగిరిసకు సంస్కృతంలో దద్రుఘ్నము, అనగా తామరను చంపునది, అనే పేరున్నది. వేడి, చెమట, తడిబట్ట ఈ జబ్బుకు అనుకూలములు. సంగం వద్ద పెన్న నీటితో పండే వరిమళ్ళలో పని చేసేవారికి ఇది పుస్తకాల ముచ్చట కాదు.

ఇట్టి ఆకుల శక్తిని పరీక్షించామని చెప్పే వ్యాసాలు నేడు లెక్కకు మిక్కిలిగా వస్తున్నవి. చాలావాటి పద్ధతి ఒకటే. అగరు పళ్ళెములో శిలీంధ్రాన్ని పెంచి, గుంట చేసి, ఆకు సారం పోసి, చుట్టూ ఏర్పడిన ఖాళీ వలయాన్ని మిల్లీమీటర్లలో కొలుస్తారు. వలయం పెద్దదైతే మందు దొరికినదని వ్రాస్తారు.

తొందరపాటు ఇక్కడే ఉన్నది. వలయపు వెడల్పు సారం బలంపైనే కాక, అది అగరులో ఎంత దూరం పాకగలదన్న దానిపైన కూడ ఆధారపడును. నీటిలో కలవని వేపనూనె, కానుగనూనె అంతగా పాకవు. అంతమాత్రాన వాటిని బలహీనములనుట అన్యాయము. ఆల్కహాలుతో తీసిన సారమైతే, పని చేసినది ఆకా, ఆల్కహాలా? ఉత్త ఆల్కహాలు పోసిన గుంట పక్కన లేని పరీక్షను నమ్మరాదు. పైగా కొందరు పరీక్షించేది కాండిడాను, ఆస్పర్జిల్లస్‌ను. తామర తెచ్చేవి ట్రైకోఫైటాన్, మైక్రోస్పోరం, ఎపిడెర్మోఫైటాన్ జాతులు. దొంగను వదలి దారిన పోయేవానిని పట్టుకున్నట్లున్నది!

మోతాదు సంగతి మరింత ముఖ్యము. టెర్బినఫిన్ తనకు లొంగే ట్రైకోఫైటాన్‌ను మిల్లీలీటరుకు 1 మైక్రోగ్రాము కంటె తక్కువలోనే ఆపుతుంది. ఆకు సారాలను తరచు మిల్లీగ్రాములలో పోస్తారు. అది వేయి రెట్లు. ముడి సారంలో అసలు పదార్థం కొద్దిపాళ్ళే అనవచ్చును, నిజమే. అయితే దానిని వేరుచేసి చూపవలెను గదా! వలయంలో ఆగిన శిలీంధ్రాన్ని కొత్త అగరుకు మార్చి, మరల మొలుస్తుందా అని చూసినవారు తక్కువ. ఆపుట వేరు, చంపుట వేరు.

మొక్కలు వ్యర్థమని నా వాదము కాదు. బ్రెజిల్ చెట్టునుండి తీసిన క్రిసరోబిన్‌ను 19వ శతాబ్దంలో తామరకు వాడినారు. బూజునుండి 1939లో వేరుచేసిన గ్రిసియోఫుల్విన్, నోటి మందుగా తామరపై పని చేయునని తేలుటకు 1958 వరకు ఆగవలసి వచ్చినది. నేడు టెర్బినఫిన్‌కు లొంగని ట్రైకోఫైటాన్ ఇండోటినియే మన దేశంలో వ్యాపించి, 2020లో ఆ పేరు పొందినది. స్టెరాయిడు కలిపిన పూతలు దురదను తగ్గించి జబ్బును దాచుచున్నవి. కొత్త మందు అవసరం ఉన్నది గనుకనే పరీక్ష గట్టిగా ఉండవలెను.

పాఠశాలలో ప్రయత్నించేవారు రోగి చర్మపు పొట్టును ఎన్నడూ పెంచరాదు. రొట్టె బూజు చాలును. పళ్ళెపు మూతను అంటించి, తెరవకుండ చూడవలెను.