ఆగ్నెస్ ఆర్బర్ గద్యం

శాస్త్రగ్రంథాలలోని గద్యాన్ని సాహిత్యచరిత్రకారులు వాకిటనే నిలిపి పంపివేయడం పరిపాటి. ఆంగ్ల వృక్షశాస్త్రజ్ఞురాలు ఆగ్నెస్ ఆర్బర్ (1879–1960) గతీ అంతే. 1470–1670 నడుమ అచ్చయిన ఓషధీగ్రంథాల చరిత్రను 'హెర్బల్స్' (1912)లో చెప్పినప్పుడే, పాతవారు మొక్కను ఎట్లు చూచారో, ఎట్లు వర్ణించారో ఆమె పరిశీలించారు. కేంబ్రిడ్జిలోని బాల్ఫర్ ప్రయోగశాల 1927లో మూతపడగా ఇంటిలోని చిన్నగదే ఆమెకు పరిశోధనాలయమైంది. 1946లో రాయల్ సొసైటీకి ఎన్నికైన తొలి వృక్షశాస్త్రజ్ఞురాలు ఆమె.

ఆ సన్మానంకంటె ఆ యేటనే వెలువడిన అనువాదం సాహిత్యపరులకు ముఖ్యం. మొక్కల రూపాంతరాలను గురించి గేటే 1790లో జర్మనులో ప్రకటించిన వ్యాసాన్ని ఆమె ఆంగ్లీకరించారు. పూరేకు, కేసరం మొదలైనవన్నీ ఆకు ధరించిన రూపాలేనని గేటే భావన. అనువాదకురాలు మూలానికి విధేయురాలై ఊరకుండలేదు. ఆకే ఒక అసంపూర్ణ శాఖ అనీ, సంపూర్ణశాఖ కావలెనన్న తహతహ దానిలో ఉన్నదనీ 1950 నాటి గ్రంథంలో ప్రతిపాదించారు. ఆకుకు తహతహ యేమిటని శాస్త్రజ్ఞులు అడుగవచ్చు. అడుగవలసినదే. కాని ఆ మాట అలంకారంగా తగిలించినది కాదు. ఏండ్ల తరబడి మొక్కలను కోసి, సూక్ష్మదర్శినిలో చూచి, స్వహస్తంతో బొమ్మలు గీసిన తరువాత వచ్చినది. 'ది మైండ్ అండ్ ది ఐ' (1954)లో ఆ బలం కొంత సన్నగిల్లింది: తత్త్వవేత్తల పేర్లు ముందుకు వచ్చి, మొక్క వెనుకకు పోయింది.