‘అసమర్థుడు’ అను మాట - ఒక పరిశీలనము

గోపీచందుగారి ‘అసమర్థుని జీవయాత్ర’ 1947లో వెలువడినది. తెలుగున మనోవైజ్ఞానిక నవలలకు ఇది ఆద్యమని విమర్శకుల తలంపు. సీతారామారావు స్వతః అసమర్థుడా, సంఘము అతని నట్లు చేసెనా అన్న చర్చ చాలకాలముగా సాగుచున్నది. జోడ్‌భావి పేటలో తెలుగు బోధించు నాకు వేరొక ప్రశ్న కలుగుచున్నది: ఇట్టి మనస్సు పదునాలుగవ యేట మన యెదుట బల్లమీద కూర్చుండినచో దానికి మనమే పేరు పెట్టుచున్నాము?

వంశప్రతిష్ఠ నిలుపవలెనన్న తండ్రిమాట సీతారామారావు తలపై బరువై నిలిచినది. అతడు తనవారినే నొప్పించును. తన్ను తాను అసహ్యించుకొనును. తుదకు శ్మశానమున అంతమగును. కల్పితపాత్రకు రోగనామము తగిలించుట నా యుద్దేశము కాదు. కాని అతని చుట్టును ఉన్నవారి తీరు గమనింపదగినది. రామయ్య తాత వంటివారు హితవు చెప్పుదురు. ఉప్పొంగిన ఆవేశమును ఆ గడియలో ఎట్లు దాటవలెనో నేర్పువారు లేరు. ఉపదేశము వేరు, అభ్యాసము వేరు. నవలలోని ఈ లోటు గోపీచందుగారిది కాదు, ఆ కాలముది.

నేడా లోటు కొంత తీరినది. విడిచిపోవుదురేమోనన్న తీవ్రభయము, గడియకొక తీరుగా మారు అనురాగద్వేషములు, లోపలి శూన్యత, తన శరీరమునే గాయపరచుకొనుట - ఇట్టి లక్షణముల సమూహమును వైద్యులు బోర్డర్‌లైన్ వ్యక్తిత్వ రుగ్మత యందురు. ఎదుగు వయసున ఆ పేరు పెట్టుటకు వారే జంకుదురు. లక్షణములకు మాత్రము చికిత్స ఆలస్యము చేయరాదు. అమెరికా దేశమున మార్షా లీనహన్ రూపొందించిన డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ గ్రంథము 1993లో వెలువడినది. తానును పదునేడవ యేట, 1961లో, మానసిక వైద్యశాలలో చేరినదానినేయని ఆమె 2011లో బహిరంగముగా చెప్పినది. జన్మతః సున్నితమైన మనస్సు, దాని బాధను కొట్టివేయు పరిసరము - ఈ రెండును కలిసినపుడు వ్యాధి బలపడునని ఆమె సిద్ధాంతము. నిలుకడగా గమనించుట, దుఃఖమును ఓర్చుట, భావములను అదుపుచేయుట, ఇతరులతో మెలగుట అను నాలుగు నేర్పులను ఇందు సాధన చేయింతురు. కౌమారవయస్కులకై ‘మధ్యేమార్గము’ అను ఐదవది చేర్చిరి. తల్లిదండ్రులును పిల్లలతోపాటు వచ్చి నేర్చుకొందురు.

మన పేటలో తండ్రి పవర్‌లూమ్ షిఫ్టుకు పోవును, తల్లి బీడీలు చుట్టును. వారమువారము వచ్చుటకు తీరిక యెక్కడిది? డాక్టరుతో మరాఠీలో మాటాడవలెను; పిల్ల యేడ్చునది తెలుగులో. ఈ చికిత్సకు ప్రాణమైన ‘వాలిడేషన్’ అను మాటకు నిఘంటువు ‘ధ్రువీకరణ’ అని అర్థమిచ్చును. అది కచేరీ కాగితమునకు తగును. మన యిండ్లలో దానిని “నీ బాధ నిజమేనమ్మా” అందురు. తప్పును ఒప్పనుట కాదు; బాధను బాధ యని యొప్పుకొనుట మాత్రమే.

కొన్నేండ్ల క్రిందట తొమ్మిదవ తరగతి బాలిక యొకతె, నేస్తము ఒకపూట పలుకకున్న ఇక బ్రతుకనని యేడ్చెడిది. మరునాడు ఆ నేస్తమునే పగబట్టెడిది. సోలాపురపు ఎండలోను నిండుచేతుల చొక్కా విడువదయ్యెను. “నాటకములాడుచున్నది” అంటిమి. అన్నవారిలో నేనును ఒకడను. ఆమె ఏడాది నడుమనే బడి మానినది. ఆ చేతుల సంగతి నాకు తరువాత తెలిసినది. ‘అసమర్థుడు’ అను మాటకు, నా మాటకు భేదమేమి?

పద్మశాలీలు కొలుచు మార్కండేయుడు పదునారేండ్ల బాలుడు. మృత్యుభయముతో శివలింగమును కౌగిలించుకొనెను. శివుడు అతనిని నాటకమాడుచున్నావని విదలింపలేదు, ముందు కాపాడెను. ఏటేటా రథోత్సవము చేయు మనము ఆ కథలో ఈ భాగమును గ్రహింపవలసియున్నది.

2022లో కేంద్రప్రభుత్వము నెలకొల్పిన టెలీ మానస్ సేవకు 14416 అను సంఖ్యపై ఫోను చేయవచ్చును, తెలుగులోను మాటాడవచ్చును. ఈ సంఖ్యను ప్రతి తరగతి గోడపై వ్రాయుట ఉపాధ్యాయుల పని. ఆ నాలుగు నేర్పులకు ఇంటి తెలుగులో మాటలు కూర్చుట మన సంఘముల పని. ఆ పిదపనే సీతారామారావును గూర్చిన తీర్పు.