బామ్మ వేషం

బామ్మ వేషం తేలికని చాలామంది అనుకుంటారు. నెరిసిన విగ్గు పెట్టి, నడుం వంచి, గొంతు వణికిస్తే చాలదు. నిర్మలమ్మ నటన చూస్తే ఆ సంగతి తెలుస్తుంది. బందరులో పుట్టి, నాటకాల్లో రాటుదేలి, మద్రాసు వెళ్లి సినిమాల్లో స్థిరపడిన ఆవిడ 2009 ఫిబ్రవరి 19న హైదరాబాదులో కన్నుమూసింది. ‘స్వాతిముత్యం’ (1986)లో అమాయకుడైన శివయ్యకు, ‘గ్యాంగ్ లీడర్’ (1991)లో ముగ్గురన్నదమ్ములకు బామ్మ ఆవిడే. తిడుతూ తిడుతూనే చివరి మాట దగ్గర గొంతు మెత్తబడేది. అవతలివాళ్లు మాట్లాడుతుంటే వినేది, నిజంగా వినేది! తెరమీద అది అరుదు.

ఆ విద్య ఇవాళ హైదరాబాదు కృష్ణానగర్‌లో బతికుంది. పొద్దున్నే షూటింగ్ బండి కోసం నిలబడే జూనియర్ ఆర్టిస్టుల్లో పెద్దవయసు ఆడవాళ్లను చూడండి. పెళ్లి సీనులో ఓ మూల కూర్చున్న పెద్దావిడ, కెమెరా హీరో మీదే ఉన్నా, పక్కనున్న పిల్ల జడ అల్లడం ఆపదు. కొంగు సర్దుకుంటుంది, తలంబ్రాలు పడుతుంటే కళ్లు తుడుచుకుంటుంది. ఆ పందిరి పెళ్లిపందిరిలా కనిపించేది ఆవిడ వల్లే. టైటిల్స్‌లో ఆవిడ పేరు కూడా పడాలి.