వెన్నులేని వారికి ఒక దండకం

గోదావరి పాయలు గౌతమికీ వసిష్ఠకూ నడుమ నేల ఇది. తవ్వితే ఒండ్రు, ఇంకా తవ్వితే నీళ్లు. ఇలాంటి చోట నిలవడానికి ఎముకలే అక్కరలేదని ఏనాడో తేల్చుకున్న వెన్నులేని ప్రాణులారా, భూమ్మీది జంతుజాతుల్లో నూటికి 95కి పైగా మీరే. మీకు దండం.

ఎర్రా, వానపామా! కళ్లు లేవు, ఊపిరితిత్తులు లేవు. తడి చర్మంతోనే గాలి పీలుస్తావు. ఒకే ఒంట్లో ఆడా మగా నువ్వే, అయినా జోడు వెతుక్కుంటావు. కొబ్బరి పాదులో మట్టి మింగి, మెత్తటి మట్టి పోస్తావు. డార్విన్ అంతటివాడు 1881లో తన చివరి పుస్తకం నీ మీదే రాశాడు. మా కుర్రాళ్లు నిన్ను గాలానికి గుచ్చుతారు. జలగా, నిన్ను పొగడడానికి నోరు రాదు గానీ, నువ్వూ ఎర్రకి చుట్టానివే.

నత్తగుల్లా! నీ దగ్గర కాసేపు ఆగాలి. వేసవిలో కాలువలు కట్టేస్తారు. లాకుల కింద నీరు ఇంకి, బురద నెర్రెలిస్తుంది. చేప చస్తుంది, కప్ప ఎటో పోతుంది. నువ్వు మాత్రం అడుగు మట్టిలోకి దిగి, గుల్లకి మూత బిగించుకుని పడుకుంటావు. తిండి లేదు, నడక లేదు. మళ్లీ నీళ్లొదిలిన నాడు మూత తీసి, ఉన్న ఒక్క పాదంతో బయల్దేరతావు. నీళ్లలో మొప్పతో, గట్టు మీద తిత్తితో ఊపిరి తీస్తావు. ఆకురాయి లాంటి నాలుకతో నాచు గీకి తింటావు. బాతు నిన్ను మింగితే బాతుకి బలం. నీ గుల్ల కాలిస్తే గోడకి సున్నం.

ఓడలరేవు ఇసుకలో ఎర్రపీతా, కాడల మీద కళ్లు నిలబెట్టి అడ్డంగా పరుగెత్తే పది కాళ్లదానా! ఒళ్లు పెరిగినప్పుడల్లా పెంకు విడిచి, కొత్తది గట్టిపడేదాకా దాక్కుంటావు.

అంతర్వేది ఒడ్డున పడ్డ జెల్లీఫిష్! గుండె లేదు, మెదడు లేదు, రక్తం లేదు, ఒళ్లంతా దాదాపు నీరే. అయినా నీ వంశం 50 కోట్ల ఏళ్లుగా సముద్రంలో ఉంది. (స్నానానికి వెళ్లేవారికి ఒక మాట: చచ్చిపడినా దాని తీగలు కుడతాయి, ముట్టుకోకండి.)

చివరికి నువ్వు, వనామీ రొయ్యా! పసిఫిక్ తీరం నీ పుట్టిల్లు. మన దేశంలో పెంచుకోవడానికి నీకు 2009లో అనుమతి దొరికింది. వెన్నులేని నీకోసం మనుషులు రాత్రంతా మేలుకుని ఏరియేటర్లు తిప్పుతారు, కరెంటు పోతే జనరేటరుకి పరుగెడతారు. నిన్నూ పొగడాల్సిందే, ఎన్నో ఇళ్లు నీ మీద నడుస్తున్నాయి. కానీ నీ చెరువు ఉప్పు పక్క వరిచేలోకి ఊరితే, అక్కడి ఎర్ర తడి చర్మం దాన్ని తట్టుకోలేదు. రైతు నష్టం గురించి పంచాయితీ జరుగుతుంది. ఎర్ర తరఫున మాట్లాడేవాడు ఇంకా పుట్టలేదు.